బాల్కనీలో ఏటీఎం

"మీ బాల్కనీయే మీ ఏటీఎం" అన్నాడాయన. ఆయనంటే, ఒక్కో చేతిలో రెండేసి కౌజుపిట్టలు పట్టుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని వీడియోలో నిలబడే సార్. మీకూ వచ్చే ఉంటుంది ఆ వీడియో. మీరు గుత్తివంకాయ చేసే విధానం వెతుక్కుంటున్నా సరే, అది వచ్చి తీరుతుంది. మూడడుగుల పంజరం, యాభై పిల్లలు, ఐదు వారాలు. ఇంటి మాంసం ఇంట్లోనే. "నో టెన్షన్" అని చూపుడువేలు ఆడించి మరీ చెప్తాడు.

నా ఖర్మకొద్దీ దాన్ని మా బావమరిది చూశాడు.

వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటు. తులసి మొక్కకు నీళ్ళు పోయడానికి ఫోన్లో అలారం పెట్టుకునే మనిషి. రాష్ట్రంలో మాంసకృత్తుల కొరత తీర్చే బాధ్యత చివరికి వాడి భుజాన పడింది. వాడు కాదనలేదు.

మధ్యలో చిన్న మాట. మనం కౌజు అంటున్న ఈ పిట్టకు ఆ పేరు అరువు పేరే. పాత నిఘంటువులు చూస్తే కౌజు వేరు, పూరేడు వేరు. ఇది పూరేడు కుటుంబానిది. అయితే "పూరేడు పిట్టల పెంపకం, నెలకు లక్ష" అంటే ఎవడూ లైకు కొట్టడు. పైగా ఇది జపాను పూరేడు. మన దేశానికి 1974లో వచ్చింది. బరేలీ పక్కన ఇజ్జత్‌నగర్‌లో ఉన్న పక్షుల పరిశోధన సంస్థ దీని మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. నల్ల కళ్ళజోడు సార్ ఆ పనంతా ఆరు నిమిషాల్లో ముగించాడు.

"గుడ్లు కూడా పెడతాయి బావా, ఇంక పిల్లల్ని కొనక్కర్లేదు, సైకిల్ తిరుగుతూనే ఉంటుంది" అన్నాడు మావాడు. గుడ్లు పెడతాయి, నిజమే. ఆరేడు వారాలకే మొదలుపెడతాయి. పొదగవు. గుడ్డు పెట్టేసి, అదెవరిదో తనకు సంబంధం లేనట్టు పక్కకు నడిచిపోతుంది తల్లి. తరతరాలుగా మిషన్లే పొదిగి పెంచితే పాపం దానికి ఆ సంగతే మరపుకొచ్చింది. పదిహేడు పద్దెనిమిది రోజులు ఇంక్యుబేటర్లో పెట్టాలి. ఆ ఇంక్యుబేటర్ ఎక్కడ దొరుకుతుందంటారా? వీడియో కింద నంబరుంది. పంజరం? అదే నంబరు. పిల్లలు? అదే నంబరు. పెరిగిన పిట్టలు కొనేవాడు కావాలంటే మాత్రం ఆ నంబరు ఎప్పుడూ బిజీ.

పిల్లలు అట్టపెట్టెలో వచ్చాయి. ఒక్కోటి ఏడెనిమిది గ్రాములు. అగ్గిపెట్టెలో రెండు పడతాయేమో. గోధుమరంగు చారలతో, బొటనవేలంత. వీడియోలో "బల్బు పెట్టాలి" అన్నారు కాబట్టి మావాడు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టాడు. కరెంటు ఆదా. ఎల్ఈడీ వెలుగిస్తుంది, వేడి ఇవ్వదు. మొదటి వారం ఆ పిల్లలకు ముప్ఫై అయిదు డిగ్రీలకు పైన వెచ్చదనం కావాలి. "నీళ్ళు పెట్టాలి" అన్నారు కాబట్టి స్టీలు గిన్నె నిండా నీళ్ళు పెట్టాడు. పెట్టి, నిద్రపోయాడు.

పొద్దున్నే నేను వెళ్ళేసరికి గిన్నెలో పద్నాలుగు పిల్లలు తేలుతున్నాయి. బొచ్చు తడిసి ఒంటికి అంటుకుపోయి, ఒకదాని మీద ఒకటి. మిగిలినవి ఓ మూల గుట్టగా పోగై వణుకుతున్నాయి. మావాడు ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీటులో రాసుకుంటున్నాడు: "మొదటి రోజు. మోర్టాలిటీ 14. కారణం: టెక్నికల్ లాస్."

నాకు ఒళ్ళు మండింది. గిన్నెలో నాలుగు గోళీలు వేస్తే సరిపోయేది. గులకరాళ్ళు వేసినా చాలు. ముక్కు దూరేంత సందు ఉంటుంది, ఒళ్ళు మునగదు. కౌజులు పెంచే ఏ షెడ్డుకు వెళ్ళినా మొదటి రోజే చెప్పే ముక్క ఇది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఆరు నిమిషాల్లో ఆ పెద్దమనిషికి తీరిక దొరకలేదు. లైకు కొట్టమని నాలుగుసార్లు చెప్పడానికి దొరికింది. ఎందుకు చెప్తాడు? పిల్లలు చస్తే మళ్ళీ యాభై కొంటాం కదా! ఇదంతా మనకు కొత్తా? ఈము కోళ్ళను మర్చిపోయామా? మనిషెత్తు పక్షిని జంటకింతని రైతుకు అంటగట్టారు. నూనె అన్నారు, తోలు అన్నారు, గుడ్లు మేమే కొంటామన్నారు. తీరా చూస్తే ఆ గుడ్ల పిల్లల్ని ఇంకో రైతుకు అమ్మడం తప్ప మార్కెట్టే లేదు. 2012 నాటికి అంతా కూలింది. అమ్మినవాడు బాగానే ఉన్నాడు. మేత కొనలేక, కోయలేక, పొలం గట్టున ఆ పక్షి కళ్ళలోకి చూస్తూ కూర్చున్నవాడు రైతు. మావాడికి జీతం ఉంది, ఎక్సెల్లో రాసుకున్నాడు. ఐదు వేల పిల్లలకు అప్పు తెచ్చిన కుర్రాడు ఏ షీటులో రాసుకోవాలి?

సరే. చలికి ఇంకో మూడు పోయాయి. మూడు షాపులు తిరిగి పాతకాలం వంద వాట్ల బల్బు తెచ్చాను. ముప్ఫై మూడు బతికాయి.

ఐదో వారానికి కోయాలి. ఆ తర్వాత తిన్న మేతంతా దండగ. ఐదో వారం మావాడికి రిలీజు ఉంది. ఆరో వారం శనివారం. ఏడో వారం అత్తమ్మ ఏకాదశి. ఈలోపు మగవాటికి గొంతు విచ్చుకుంది. రొమ్ము ఇటుకరంగులో ఉంటే మగది, చుక్కలుంటే ఆడది. ఆ గుర్తు కూడా అక్కర్లేదు, తెల్లవారుజామున మూడున్నరకు గొంతులో బలపం గీసినట్టు అరిచేవన్నీ మగవే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. మూడో అంతస్తులో రిటైరైన ఆఫీసరుగారు 1972 నాటి వన్యప్రాణి చట్టం పట్టుకుని పైకొచ్చారు. ఆయన్ని తప్పుపట్టలేం, 2011లో కేంద్రం ఈ జపాను పిట్టల కొత్త ఫారాలకు అనుమతులు ఆపిన మాట నిజమే. 2013లో ఆ పట్టు సడలించింది. పొలాల్లో తిరిగే అడవి పిట్టను పడితే మాత్రం నేరమే. ఇదంతా మావాడు గుమ్మంలో నిలబడి అప్పజెప్పాడు. "చట్టం సంగతి సరే బాబూ, వాసన మాటేంటి?" అన్నారాయన.

ఎనిమిదో వారం ఆదివారం ముహూర్తం కుదిరింది. స్థలం: బాత్రూమ్. ఆయుధం: పాల ప్యాకెట్లు కత్తిరించే కత్తెర. గురువు: బకెట్టు మీద నిలబెట్టిన ఫోన్. నేను అట్టపెట్టెకు కాపలా. వీడియోలో సార్ పిట్టను తీసుకుని "ఇప్పుడు సింపుల్‌గా..." అన్నాడో లేదో, గృహరుణాల ప్రకటన వచ్చింది. మావాడి ఎడమచేతిలో పిట్ట, కుడిచేతిలో కత్తెర, స్కిప్ నొక్కడానికి చెయ్యి లేదు. ముక్కుతో నొక్కాడు. రెండో ప్రకటన వచ్చింది. ఆ పదిహేను సెకన్లూ మేం ముగ్గురం, నేనూ వాడూ పిట్టా, ముంబైలో కట్టబోయే విల్లాలను చూశాం. తర్వాత వాడు కళ్ళు మూసుకుని కత్తెర నొక్కాడు.

కళ్ళు మూసుకున్నాడు. ప్లాస్టిక్ కోసే కత్తెర. తెగలేదు. పూర్తిగా తెగలేదు. మూడోసారికి నేను కత్తెర లాక్కున్నాను. ఆ సంగతి ఇంక రాయను.

ఈ గొడవలో పెట్టె మూత లేచింది. కౌజు బెదిరితే పక్కకు పోదు, నిట్టనిలువుగా లేస్తుంది. అందుకే దాని పంజరం ఎత్తు తక్కువ పెడతారు. ఒకటి గీజరుకు కొట్టుకుంది, ఒకటి షవరెక్కింది, రెండు మావాడి నెత్తిన వాలాయి. బయటి నుంచి మా చెల్లెమ్మ "అయిందాండీ? మసాలా నూరనా?" అని అడిగింది.

మిగిలిన ముప్ఫై రెంటినీ చికెన్ షాపుకు మోశాం. షాపతను ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "గీ పిట్టను పీకుడు మిషిన్ల ఏస్తే కీమా అయితదన్నా. చేత్తోనే చెయ్యాలె. పిట్టకు ఇరవై." మంచి పదునున్న కత్తెర తీశాడు. ఒక్క నొక్కు. రెక్కల చివర్లు, కాళ్ళు కత్తిరించి, బనియన్ విప్పినట్టు తోలూ ఈకలూ కలిపి ఒలిచేశాడు. ఒక్కోదానికి నిమిషం పట్టలేదు. ఒక ఆడపిట్ట కడుపులో పెట్టబోయే గుడ్డు ఉంది, నల్ల మచ్చలతో, పెంకు గట్టిపడి. దాన్ని తీసి విరగకుండా తక్కెడ పక్కన పెట్టాడు. ఏమీ అనలేదు.

ఆ షాపులోనే కింది గంపలో కౌజులున్నాయి. కోసిచ్చి డెబ్భై. పంజరం 5,500, పిల్లలు 1,000, మేత మూట 2,400, కోత కూలి 640. మా పిట్ట ఒక్కోటి 298 పడింది. "పంజరం క్యాపిటల్ బావా, దాన్ని కలపకూడదు" అన్నాడు మావాడు. కలపకపోయినా 126. వాడు ఆ రాత్రి పనీర్ తెప్పించుకున్నాడు.

పంజరాన్ని అమ్మకానికి పెడితే మర్నాడే సిద్దిపేట నుంచి ఒక కుర్రాడు బైకు మీద వచ్చాడు. మాటల్లో అడిగితే వీడియో చూశానన్నాడు. తాడు కట్టేలోపు నేనొక కాగితం మీద "నీళ్ళ గిన్నెలో గోళీలు వెయ్యాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు" అని పెద్దక్షరాలతో రాసి పంజరానికి అంటించాను.

చదివి, నా వైపు అనుమానంగా చూశాడు. "గిదేంది సార్? వీడియోల గీ ముచ్చటే లేదు కదా."