కుడిచేతిలో పెన్ను

అమెరికాలో పెద్దాయన ఎవరు పోయినా నివాళిలో ఒక అచ్చు వాక్యం పడుతుంది. సైనికుడు, ప్రజాసేవకుడు, కుటుంబాన్ని ప్రేమించిన మనిషి. పేరు మార్చి ఎవరికైనా అతికించెయ్యొచ్చు. 2021 డిసెంబరు 5న, 98 ఏళ్ళ వయసులో కాన్సస్ మాజీ సెనేటర్ బాబ్ డోల్ పోయినప్పుడూ అవే మూడు మాటలు. అబద్ధాలని నేననను. కానీ వాటిలో మనిషి కనపడడు, అదీ నా కోపం.

ఆయన ఫొటోలు వెతికి చూడండి. చాలావాటిలో కుడిచేతి గుప్పిట్లో ఒక పెన్ను ఉంటుంది. ఆ చేత్తో ఆయన రాయలేడు. ఎదుటివాళ్ళు అలవాటుకొద్దీ ఆ చెయ్యి పట్టుకుని ఊపెయ్యకుండా అడ్డం పెట్టుకున్న పెన్ను అది.

1945 ఏప్రిల్ 14, ఇటలీ కొండల్లో కాస్తెల్ దయానో దగ్గర. పదో మౌంటెన్ డివిజన్‌లో లెఫ్టినెంటు, వయసు 21. దెబ్బతిన్న రేడియో ఆపరేటర్‌ను కాపాడబోతుంటే ఆయన కుడి భుజం, వెన్ను ఛిద్రమయ్యాయి. నెల తిరక్కుండానే ఐరోపాలో యుద్ధం అయిపోయింది. ఈయన యుద్ధం మాత్రం ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి సాగింది. ఒక కిడ్నీ పోయింది. 194 పౌన్ల మనిషి 122కి దిగాడు. షికాగోలో హాంపర్ కెలికియన్ అనే ఆర్మీనియన్ సర్జన్ ఫీజు లేకుండా ఆపరేషన్లు చేస్తానన్నాడు, కానీ ఆస్పత్రి ఖర్చు కట్టాలి కదా. కాన్సస్‌లో రస్సెల్ అనే చిన్న ఊరు ఈయనది. ఊళ్ళోవాళ్ళు ఒక చుట్టల పెట్టెలో చందాలు పోగేశారు. 1,800 డాలర్లు. ఆ పెట్టెను ఆయన పారెయ్యలేదు, చాలా ఏళ్ళు తన టేబుల్ సొరుగులోనే ఉంచుకున్నాడు.

నాకు ఆ ‘సైనికుడు’ అన్న మాటకన్నా ఈ చుట్టల పెట్టె ఎక్కువ చెప్తుంది. ఈయన సాయం తీసుకున్నవాడు. తీసుకున్నానని మర్చిపోనివాడు.

తర్వాత సొంత కౌంటీలో (మన జిల్లా లాంటిది) అటార్నీ, అంటే ప్రభుత్వ వకీలు అయ్యాడు. పేదలకిచ్చే వెల్ఫేర్ చెక్కుల మీద సంతకం పెట్టే పని కూడా ఆయనదే. ఆ చెక్కులు అందుకునేవాళ్ళలో ఆయన సొంత తాత, అవ్వ ఉన్నారు. ఎడమచేత్తో ఆ సంతకం పెడుతూ ఏమనుకునేవాడో! ఇదే మనిషి సెనేటర్ అయ్యాక, రిపబ్లికన్ అయ్యుండీ, డెమొక్రాట్ జార్జ్ మెక్‌గవర్న్‌తో కలిసి 1977లో ఫుడ్ స్టాంపులకు (తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే కూపన్లు) పేదలు ముందుగా కొంత డబ్బు కట్టాలన్న నియమం ఎత్తేయించాడు.

దేవుణ్ణి చెయ్యొద్దు లెండి. నోటి దురుసు బాగా ఉండేది. 1976లో ఉపాధ్యక్ష అభ్యర్థుల డిబేట్‌లో ఆ శతాబ్దపు యుద్ధాలన్నీ డెమొక్రాట్ల యుద్ధాలే అన్నట్టు మాట్లాడి చీవాట్లు తిన్నాడు. ఇక ‘కుటుంబాన్ని ప్రేమించిన మనిషి’ అనే ముక్క. లా పరీక్షల్లో ఈయన చెప్తుంటే జవాబులు రాసిపెట్టింది మొదటి భార్య. 1972లో విడాకులు. రాజకీయం ఆ ఇంటిని ఎంత తినేసిందో ఏ నివాళీ రాయదు. 1975లో ఎలిజబెత్‌ను చేసుకున్నాక చివరిదాకా కలిసే ఉన్నారు, అదీ నిజమే.

గాయపడ్డాక మిషిగన్ ఆస్పత్రిలో ఆయనతోపాటు ఉన్న ఇంకో కుర్రాడు హవాయి నుంచి వచ్చిన డేనియల్ ఇనోయె. సరిగ్గా వారం తేడాలో, అదే ఇటలీలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ఇద్దరూ సెనేట్‌కే చేరారు, ఎదురెదురు పార్టీల్లో. 2012లో ఇనోయె పోతే, 89 ఏళ్ళ డోల్ వీల్‌చైర్‌లోంచి లేచి, పక్కవాళ్ళ ఆసరాతో శవపేటిక దాకా నడిచాడు. డానీ నన్ను కుర్చీలో చూడకూడదు అన్నాడట.

నిజంగా కడుపు మండేది దీనికి రెండు వారాల ముందు జరిగిన సంగతికి. సెనేట్‌లో డోల్ మొదటి ప్రసంగం 1969 ఏప్రిల్ 14న. తేదీ చూశారుగా, గాయపడిన రోజే. మాట్లాడింది వికలాంగుల గురించి. 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చేదాకా ఆ విషయం వదల్లేదు. ఇవాళ అక్కడ ఆఫీసుల ముందు ర్యాంపులు, బస్సులకు లిఫ్టులు ఆ చట్టం చలవే. దాన్నే నమూనాగా తీసుకుని ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం 2012 డిసెంబరు 4న సెనేట్‌లో ఓటుకొచ్చింది. ఆస్పత్రి నుంచి బయటికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు, అయినా ఎలిజబెత్ వీల్‌చైర్ తోస్తుంటే డోల్ సభలోకి వచ్చాడు. సొంత పార్టీవాళ్ళు దగ్గరికొచ్చారు, పలకరించారు, మర్యాదలు చేశారు. ఆయన అటు వెళ్ళగానే కాదని ఓటేశారు. అనుకూలం 61, వ్యతిరేకం 38. ఒప్పందానికి మూడింట రెండొంతులు, అంటే 66 కావాలి.

తొమ్మిదేళ్ళ తర్వాత ఆ 38 మందిలోనే కొందరు నివాళులు రాశారు. గొప్ప సైనికుడు, గొప్ప ప్రజాసేవకుడు అని.