ఒంట్లో బాగున్నన్నాళ్లే అతిథులు

విదేశాల్లో ఉన్న కొడుకింటికో కూతురింటికో వెళ్లిన అమ్మానాన్నలు ఆరు నెలలు తిరక్కుండానే పెట్టెలు సర్దుకోవాల్సిన అవస్థను మూడు దేశాలు కొంత తగ్గించాయి. కెనడా 2011 డిసెంబర్‌లో సూపర్ వీసా మొదలుపెట్టింది. మొదట విడతకు రెండేళ్లు ఉండనిచ్చి, 2022 జులై నుంచి దాన్ని ఐదేళ్లు చేసింది. ఆస్ట్రేలియా 2019లో తల్లిదండ్రులు తాత్కాలికంగా ఉండటానికి 870 నంబరు వీసా తెచ్చింది. న్యూజీలాండ్ 2025 సెప్టెంబర్ 29 నుంచి పేరెంట్ బూస్ట్ పేరుతో ఐదేళ్ల వీసాకు దరఖాస్తులు తీసుకుంటోంది. పెద్ద వెసులుబాటే, సందేహం లేదు. అయితే ఇదంతా ఉదారత అనుకునే ముందు పక్కన ఏ తలుపు మూసుకుందో కూడా చూడాలి.

కెనడానే చూడండి. తల్లిదండ్రులను శాశ్వతంగా రప్పించుకునే దరఖాస్తులు పేరుకుపోయి, 2011 నాటికి లక్షా 60 వేల మందికి పైగా వరసలో ఉన్నారు. ఆ నవంబర్‌లో ప్రభుత్వం కొత్త దరఖాస్తులు ఆపేసింది. సూపర్ వీసాను ప్రకటించిందీ అప్పుడే. రెండేళ్ల తర్వాత తలుపు తెరిచినా ముందు కోటా పెట్టారు, ఆ తర్వాత లాటరీ పెట్టారు. 2025లో కూడా 2020లో పేరు నమోదు చేసుకున్నవాళ్ల జాబితాలోంచే పిలిచారు. ఆ తర్వాత శాశ్వత నివాసమో పౌరసత్వమో తెచ్చుకున్నవాడికి ఆ జాబితాలో పేరు చేర్చుకునే వీలే లేకపోయింది. అతనికి మిగిలింది సూపర్ వీసానే.

ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉండనిచ్చే మామూలు పేరెంట్ వీసాకు నిరీక్షణ 30 ఏళ్ల చిల్లర. అమ్మకు 65 ఏళ్లప్పుడు దరఖాస్తు పెడితే 95 దాటాక పిలుపొస్తుందన్నమాట! త్వరగా కావాలంటే తలకు దాదాపు 50 వేల ఆస్ట్రేలియా డాలర్లు కట్టే మరో రకం ఉంది. దానికీ ఏళ్ల తరబడి ఆగాల్సిందే. పైగా పిల్లల్లో కనీసం సగం మంది ఆ దేశంలోనే స్థిరపడి ఉండాలి, లేదా మరే ఒక్క దేశంలోకన్నా అక్కడే ఎక్కువ మంది ఉండాలి. ముగ్గురు పిల్లలు మూడు దేశాల్లో ఉన్న తల్లి ఈ లెక్కలో ఎక్కడా నెగ్గదు. రాని వీసాకు మనుషుల్ని దరఖాస్తు పెట్టనివ్వడం క్రూరమని 2023లో ఆ దేశపు వలస విధానాన్ని సమీక్షించిన నిపుణులే అన్నారు.

ప్రభుత్వాల భయం ఉత్తదేం కాదు. ఒక్కో పేరెంట్ వీసాదారు వల్ల జీవితకాలంలో ఖజానాకు నికరంగా 3,35,000 నుంచి 4,10,000 ఆస్ట్రేలియా డాలర్ల భారం పడుతుందని అక్కడి ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ 2016లో లెక్కగట్టింది. వైద్యం, పింఛను, వృద్ధుల సంరక్షణ ఖర్చే ఇందులో ప్రధానం. కానీ అది ఖజానా లెక్క. ఉదయం ఏడింటికి మనవడిని లేపి బడికి పంపే అమ్మమ్మ పని, ఆమె ఉందన్న ధైర్యంతో కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరడం అమ్మమ్మ పద్దులో కనబడవు. కూతురు కట్టే పన్ను కూతురి పద్దులోకే పోతుంది. వీసా కాగితం మీద అమ్మమ్మ విజిటర్. పని చేయకూడదు. ఇంట్లో చేసేది పనిగా ఎవరూ లెక్కెయ్యరు కాబట్టి ఏ నిబంధనా అడ్డురాదు.

ఈ వీసాలన్నీ మనిషి ఒంట్లో బాగున్న కాలానికి కొలిచి కుట్టినవి. ముందు వైద్య పరీక్ష. తర్వాత బీమా. సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల కవరేజీ ఉండాలి. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. అంతకుముందే ఉన్న జబ్బు నిలకడగా ఉందని చూపలేకపోతే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. డెబ్బై దాటాక బీపీ, షుగర్ రెండూ లేని మనిషి ఎంతమందికి దొరుకుతాడో మరి! న్యూజీలాండ్ అయితే ఐదేళ్ల గడువు మధ్యలోనే ఒకసారి దేశం బయటికి వెళ్లి మళ్లీ వైద్య పరీక్ష చేయించుకోమంటోంది.

బ్రిటన్‌ది సరిగ్గా తిరగేసిన పద్ధతి. అక్కడ ఐదేళ్ల బస లేదు. విజిటర్ వీసా పదేళ్లకు ఇచ్చినా మామూలుగా ఒక్కో రాకకు ఆరు నెలలే. శాశ్వతంగా రప్పించుకోవాలంటే 2012 జులై నుంచి ఉన్న నిబంధన ప్రకారం, తల్లిదండ్రులు తమ పనులు తాము చేసుకోలేని స్థితిలో ఉండాలి. బిడ్డ డబ్బు పంపినా సొంత దేశంలో ఆ సంరక్షణ దొరకదని నిరూపించాలి. ఒక దేశం ఒంట్లో బాగుంటేనే రమ్మంటుంది, ఇంకో దేశం మంచాన పడితేనే చూద్దాం అంటుంది. మనిషి ఆరోగ్యం నుంచి అనారోగ్యంలోకి జారే పదీ పదిహేనేళ్ల కాలానికి మాత్రం ఏ వీసా లేదు. కుటుంబాలకు అసలు కష్టమంతా అక్కడే.

అమెరికా సంగతి వేరు. 21 ఏళ్లు నిండిన పౌరులు పరిమితి లేకుండా తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు తెప్పించుకోవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ హక్కు లేదు, దానికోసం హెచ్-1బీ మీద ఎదురుచూసేవాళ్లకు అసలే లేదు.

నా దృష్టిలో చేయాల్సినవి రెండు. ప్రైవేటు బీమా బదులు, వయసును బట్టి ఏటా ఇంత అని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకే చందా కట్టనివ్వాలి. పిల్లలు అది కట్టడానికి సిద్ధంగానే ఉంటారు, ఇప్పుడూ బీమాకు కడుతున్నారు కదా. రెండోది, విజిటర్‌గా గడిపిన ఏళ్లను శాశ్వత నివాసం లెక్కలో కలపాలి. ఇప్పుడు పదేళ్లున్నా పది రోజులున్నా ఒకటే. ఆస్ట్రేలియా 870 వీసాతో మొత్తం పదేళ్లకు మించి ఉండనివ్వదు. అది చేతిలో ఉండగా అక్కడి నుంచే శాశ్వత పేరెంట్ వీసాకు దరఖాస్తు చేయడానికీ వీల్లేదు. 2019లో అరవై ఐదేళ్లకు మొదటి విడతలో వెళ్లిన తల్లికి ఆ పదేళ్లూ పూర్తయ్యేసరికి డెబ్బై ఐదు దాటుతాయి. అప్పుడామె పెట్టె సర్దాలి, బహుశా ఇంకెవరి చేతో సర్దించుకోవాలి.