ఆటో డెబిట్ గారూ, ₹40 కోసం ఇంతా?

మహారాజశ్రీ ఆటో డెబిట్ గారి దివ్యసముఖానికి,

అప్పు కిస్తీని ఖాతాలోంచి దానంతటదే లాగేసే తమరు ఈ నెల 5న కూడా తెల్లారీ తెల్లారకుండానే వేంచేశారు. జీతాలు పదకొండింటికి పడ్డాయి. ఆ నాలుగైదు గంటల ఖరీదెంతో పాస్‌బుక్‌లో అచ్చయి ఉంది కాబట్టి వేరే చెప్పక్కర్లేదు.

తమరి కార్యదీక్షకు వంక పెట్టడం లేదు. తమర్ని మోసుకొచ్చే నాచ్, అంటే బ్యాంకుల మధ్య కిస్తీలు లాగే ఏర్పాటు, 2021 ఆగస్టు 1 నుంచి వారమంతా నడుస్తోంది. ఒకప్పుడు 5వ తారీఖు ఆదివారమైతే ఒక పూట ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఇప్పుడు బ్యాంకు కౌంటర్‌కు సెలవుంటుంది గానీ తమరికి ఉండదు. కార్డు మీద పెట్టుకున్న ఈ-మ్యాండేట్ (డబ్బు కోసుకోమని ముందే ఇచ్చే అనుమతి) అయితే 24 గంటల ముందు కబురు పెట్టాలి. ఆ లాంఛనం తమరికెందుకు, ఇంటల్లుడు కదా.

తమరికి లెక్కలంటే ప్రీతి. ఒకటి చూద్దాం. కిస్తీ ₹5,000, ఖాతాలో ఉన్నది ₹4,960. చేబదులిచ్చిన మనిషైతే ఉన్నంత పట్టుకుని మిగతాది రేపు తెమ్మంటాడు. తమరికి సగం పుచ్చుకోవడం తెలీదు. ఇస్తే మొత్తం ఇవ్వాలి, లేదంటే ‘బ్యాలెన్స్ చాలదు’ అని రిటర్న్. సరే, రిటర్న్ అయింది. బ్యాంకు చార్జీ ₹500 అనుకుందాం, దాని మీద 18 శాతం జీఎస్టీ ₹90. ఆ ₹590 దేన్లోంచి కోశారు? ఆ ₹4,960 లోంచే! మిగిలింది ₹4,370.

నాలుగు రోజులాగి అప్పిచ్చిన కంపెనీ తమర్ని మళ్లీ తోలింది. ఖాతాదారుడు తక్కువైంది నలభయ్యే కదా అని ముందుజాగ్రత్తగా ₹500 వేసి గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాడు. ఖాతాలో ₹4,870. ₹130 తక్కువ. మళ్లీ రిటర్న్, మళ్లీ ₹590. మిగిలింది ₹4,280. తరుగు ₹40 ఉన్నప్పుడు ₹500 పోస్తే తరుగు ₹720 అయింది. పూడుస్తున్నకొద్దీ లోతయ్యే గొయ్యి ఇదొక్కటే. కంపెనీ వాళ్లు వేసే బౌన్స్ చార్జీ ఈ లెక్కలో ఇంకా రానేలేదు.

డబ్బు లేదన్నందుకు డబ్బు. పైగా దాని పేరు సేవా రుసుము! జరగని సేవకు రుసుమేమిటండీ?

ఖాతాలో ఆ ₹590 కూడా లేకపోతే? దానికీ ఏర్పాటుంది. బకాయిగా రాసి పెట్టుకుని, జీతం పడిన క్షణాన లాగేస్తారు. మినిమం బ్యాలెన్స్ చార్జీ వల్లనే సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదని ఆర్బీఐ 2015 ఏప్రిల్ 1 నుంచి గీత గీసింది. ఆ గీత మినిమం బ్యాలెన్స్ వరకే. తమరు దాని అవతల కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు.

ఇక సాయంత్రం ఫోన్లు. ‘అరెస్ట్ వారంట్ రెడీ అయింది సార్.’ ఎక్కడ రెడీ అయింది నాయనా? ఖాతా మైనస్‌లోకి పోయినంత మాత్రాన జైలుండదు. బ్యాంకు దయతలచి లేని డబ్బు ఇచ్చిందంటే అది అప్పు. వడ్డీతో వసూలు చేసుకోవాలి, కాదంటే సివిల్ కోర్టుకెళ్లాలి. రిటర్నయిన మ్యాండేట్ సంగతి వేరు. చెక్కు బౌన్సయితే కేసు పెట్టే సెక్షన్ 138 ఎలాగో, తమరికి 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో సెక్షన్ 25 అలాగ. రెండేళ్ల దాకా జైలు, లేదా మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. అయితే అది ఒక్క ఫోన్‌తో అయ్యే పని కాదు. రిటర్న్ సమాచారం అందిన 30 రోజుల్లో లిఖితపూర్వకంగా నోటీసివ్వాలి. అది చేతికందాక 15 రోజుల గడువుంటుంది. అప్పటికీ కట్టకపోతేనే నేరం, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. కాబట్టి వచ్చిన రిజిస్టర్డ్ కవరు తీసుకోకుండా తలుపేసుకోవడం తెలివి కాదు. తిప్పి పంపినా నోటీసు అందినట్టే లెక్కేసే వీలుంది. ఆ 15 రోజుల్లో కిస్తీ కట్టి రసీదు దాచుకుంటే ఈ కథ అక్కడితో సరి.

మ్యాండేట్ కోసం ఓటీపీ ఆరంకెలు కొట్టినప్పుడు ఇదంతా ఎవరు చెప్పారు? ‘ఎస్’ నొక్కండి, అయిపోయింది అన్నారు. అవును, అయిపోయింది!

రాత్రి ఏడు దాటాక ఫోన్ చేసేవాళ్లకు మాత్రం ఒక మాట: వసూలు ఫోన్లు పొద్దున ఎనిమిదికి ముందూ, రాత్రి ఏడు తర్వాతా చేయకూడదని ఆర్బీఐ 2022 ఆగస్టులోనే చెప్పింది. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫీజు లేదు. కంపెనీ వేసే పెనాల్టీని అసల్లో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ గుంజడం కూడా కుదరదు. స్టేట్‌మెంట్ తెప్పించి చూసుకోండి.

ఇంకా ‘గారూ’ ఏమిటి నీకు! కిస్తీ తారీఖు 5 నుంచి 10కి మార్చమంటే ఫారం నింపమంటారు, కొత్త మ్యాండేట్ రిజిస్టర్ అయ్యేదాకా పాతది నడుస్తుందంటారు. నిన్ను రద్దు చేసుకుంటే అప్పు రద్దవదు, తెలుసు. అప్పు ఎగ్గొడతామని ఎవడన్నాడు? పదకొండింటికి రమ్మంటున్నాం, అంతే. పొద్దున లేనిది మధ్యాహ్నానికి ఉంది కదా, మధ్యాహ్నం ఒకసారి తొంగి చూస్తే నీ సొమ్మేం పోయింది?

వచ్చే 5న ₹5,000 కాదు, ₹6,500 ఉంచుతున్నాం. లెక్క చూసుకో.

ఇట్లు,
₹40 తక్కువైన ఖాతా