నా టార్చి మీది నల్లకోటు గారికి

హనుమకొండ

మహారాజశ్రీ అనోడైజింగ్ పొర గారి సముఖానికి,

తమర్ని నా అల్యూమినియం టార్చి మీదికెళ్లి ఒలిచిపారేసి నెల అయింది. నేరం ముందే ఒప్పుకుంటున్న. శిక్ష గూడ నడుస్తనే ఉన్నది, చేతివేళ్లే సాక్ష్యం.

కిరికిరి వేయిస్తంభాల గుడికాడ మొదలైంది. రుద్రదేవుడు 1163ల కట్టించిన గుడి. ఆ నల్లరాతి స్తంభం ముందట నిలబడితె నీడ మసకమసకగ కనవడ్తది. తమరూ నలుపే, కానీ ఎంత తుడిచినా పొయ్యి మీది పెనం లెక్కనే ఉంటిరి. రాయికున్న మెరుపు లోహానికి లేకుంటె ఎట్ల అని ఆ పొద్దే తీర్మానం చేసిన.

తమర్ని రంగు అనుకున్న. 220 నంబరు ఎమ్రీ పేపర్‌తోని గంటసేపు రుద్దితె పేపరే నున్నగయింది. తర్వాత తెలిసింది, తమరు పూసిన రంగు కాదట. అల్యూమినియాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌ల ముంచి కరెంటు ఇస్తె ఆ లోహం నుంచే పుట్టే తోలట. కొంత పైకి, కొంత లోపలికి. మందం చూస్తె తలవెంట్రుకంత లేదు, గట్టితనం మాత్రం సానపట్టే కురువిందం రాయి జాతిది, రెండూ అల్యూమినియం ఆక్సైడే. నేను కొన్న పేపర్ మీది గింజలు గూడ అల్యూమినియం ఆక్సైడే! అంటె గంటసేపు తమరి చుట్టాలతోనే తమర్ని కొట్టించబోయిన. చుట్టాలు చుట్టాల దిక్కే ఉంటరు గదా.

చివరికి కాస్టిక్ సోడాకు దిగిన. దుకాణంల సేటు "మోరి జామైందా?" అన్నడు. "కాదు, టార్చికి తానం" అంటె ఎగాదిగ చూసిండు. అమ్మ సిల్వర్ గిన్నె ఇయ్యబోయింది. అండ్ల కలిపితె టార్చితోపాటు గిన్నె గూడ కరిగేది, ప్లాస్టిక్ బకెట్ తెచ్చుకున్న. ముందు నీళ్లు, తర్వాత సోడా; తిరగేస్తె మొఖం మీదికి ఎగురుతది. అద్దం, రబ్బరు రింగులు, బల్బు, సెల్లు అన్నీ విప్పి, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని వాకిట్ల కూసున్న. లేసే గ్యాసు హైడ్రోజన్, అందుకని అరుగు మీద బీడీ తాగే పెద్దమనిషిని బతిమాలి లేపిన. గొట్టం బుసబుస పొంగింది. తమరు పోయిండ్రు. పోతపోత ఒళ్లంత నల్లమసి పూసి పోయిండ్రు.

తర్వాత 400, 800, 1200, 2000 నంబరు పేపర్లు. నీళ్లల్ల తడుపుకుంట నాలుగు రాత్రులు. నంబరు మారినప్పుడల్ల అడ్డం తిప్పి రుద్దాలె, లేకుంటె పాత గీత పోయిందో లేదో తెల్వదు. అమ్మ వచ్చి, "ఒక్కనాడు బోళ్లు తోమినోడివి కాదు, ఇయ్యాల లైటును తోముతున్నవా కొడుకా?" అన్నది. పాలిష్ పెట్టి పాత బనీను గుడ్డతోని రుద్దినంక అద్దమైంది, అబద్ధమెందుకు. ఆ రాత్రి లైటు వెయ్యనేలేదు, లైటునే చూసుకుంట కూసున్న.

తమరి కసి ఆనక తెలిసింది. వెనక మూత మర చుట్ల మీద గూడ తమరే ఉండెనట, తమరు కరెంటును పోనియ్యరట. మూత కొంచెం వదులు చేస్తె కరెంటు ఆగేది తమరి పుణ్యమేనట. ఇప్పుడు వదులు చేసినా మరల్లోంచే పారుతది. బండి డిక్కీల స్విచ్చి ఒత్తుకుని, కాజీపేట చేరేసరికి సెల్లు సచ్చింది. ఇగ వేలు తగిలితె మచ్చ, చెమట తగిలితె మసక. జేబురుమాలల చుట్టి తిప్పుతున్న, కొత్త పెండ్లికొడుకు ఉంగరం లెక్క.

మా నాయిన బాయికాడికి పోయేటప్పుడు చేతికిచ్చిన. తిప్పి తిప్పి చూసి, "సిల్వర్ చెంబు లెక్కున్నది గదరా" అని, తన పాత ప్లాస్టిక్ బ్యాటరీయే పట్టుకపోయిండు.

మళ్ల పాలిష్ చేద్దామని విప్పిపెట్టిన గొట్టం నిన్న పొద్దుగాల బోళ్ల గంపల దొరికింది. అమ్మ చింతపండు పిప్పితోని తోమి, సిల్వర్ గిన్నెల నడుమ బోర్లించింది. నా నాలుగు రాత్రుల పని కంటె జర ఎక్కువనే మెరుస్తున్నది.

ఇట్లు,
తమరి మాజీ యజమాని