సవరణ: కరోల్ కింగ్ గురించి రాసిన దాంట్లో రెండు తప్పులు
మొన్న అమెరికన్ గాయని, స్వరకర్త కరోల్ కింగ్ గురించి రాస్తూ, 1971లో వచ్చిన 'టేపెస్ట్రీ'యే ఆమె మొదటి సోలో ఆల్బమ్ అన్నాను. తప్పు. అంతకు ముందు ఏడాదే 'రైటర్' వచ్చింది. కాజీపేట నుంచి ఒక అన్న ఫోన్ చేసి చెప్పాడు, ఆయనకు థాంక్స్. హనుమకొండలో మా అక్క దాచుకున్న క్యాసెట్ ఒక్కటే చూసి రాసేశాను. అట్ట మీద కిటికీ దగ్గర చెప్పుల్లేకుండా కూర్చున్న ఆమె, ముందు ఒక పిల్లి, ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

రెండోది ఇంకా పెద్ద తప్పు. ముప్పైకి దగ్గర పడ్డాకే పాటల్లోకి వచ్చిందని రాశాను. నిజానికి అప్పటి ఆమె భర్త గెర్రీ గాఫిన్ రాయగా ఆమె బాణీ కట్టిన పాటను షిరెల్స్ అనే అమ్మాయిల బృందం పాడితే, 1961లో అమెరికాలో నంబర్ వన్ అయింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లే! పదేళ్లు ఇతరుల గొంతులకు పాటలిచ్చిన మనిషిని కొత్తగా వచ్చినామె అనడం అన్యాయం. 1972లో ఆమెకు నాలుగు గ్రామీ సంగీత అవార్డులు వచ్చాయన్నది మాత్రం సరైనదే.