ఈశాన్యంలో అక్వేరియం, అందులో శాంతిభద్రతలు

ఇంట్లో అక్వేరియం పెట్టదలచినవారు ముందుగా వాస్తు పండితుణ్ణి, ఆపైన సోఫా రంగును సంప్రదించి, ఇంకా తీరిక మిగిలితే చేపల సంగతి చూడాలని మన సమాజం ఏనాడో తీర్మానించింది. ఈశాన్యాన తొట్టి, ఎనిమిది బంగారు రంగు చేపలు, దిష్టికి ఒక నల్లది అని లెక్క కుదిరాక, జానెడు పొడవు దాకా పెరగగల గోల్డ్‌ఫిష్‌లు తొమ్మిది 50 లీటర్ల నీటిలో, తాము వదిలిన అమ్మోనియాలోనే ఎలా బతుకుతాయని అడగడం శుభమా అని మొదలుపెట్టిన పనికి అడ్డుపుల్ల వేయడమే.

పైగా దుకాణదారుడి హామీ ఉండనే ఉంది: ‘అన్నీ కలిసిపోతాయి సార్.’ ఈ మాటను శంకించడం అన్యాయం. రెండంగుళాల ఆస్కార్ చేపపిల్లను డజను బుల్లి నియాన్ టెట్రా చేపలతో పాటు తెచ్చి వదిలితే, ఏడాది తిరిగేసరికి అది అడుగు పొడవుకు దగ్గరపడుతుంది. ఆలోగానే టెట్రాలన్నీ ఒక్కొక్కటిగా దానిలో కలిసిపోయి ఉంటాయి. టైగర్ బార్బ్‌లను ఆరేడింటికి తగ్గకుండా గుంపుగా ఉంచితే తమ కొట్లాటలేవో తామే చూసుకుని, ఏంజెల్ చేప పొడవాటి రెక్కల జోలికి కాస్త తక్కువగా పోతాయంటారు. మనం మాత్రం రకానికొకటే కొంటాం, నిండుగా కనిపించాలి కదా! చల్లటి నీరు కోరే గోల్డ్‌ఫిష్‌నూ, 28 డిగ్రీల వెచ్చదనం కోరే డిస్కస్‌నూ ఒకే హీటరు దగ్గర కాపురం పెట్టించేదీ ఈ సౌందర్యదృష్టే. కఠినమైన బోరు నీటిలోనూ హాయిగా ఈదే గప్పీలు, మోలీలు చవక సరుకు గనుక మన హోదాకు ఆనవు. ఫైటర్ చేపలను విడివిడి సీసాల్లో, సీసాకూ సీసాకూ మధ్య అట్టముక్క అడ్డంపెట్టి ఎందుకు ఉంచారో విచారించకుండానే, ఎర్రదొకటి, నీలందొకటి, రెండూ మగవే, జతగా కట్టి ఇమ్మంటాం.

సక్కర్ ఫిష్ విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం లేదు: అది అద్దాల పాచి గీకే, జీతం అడగని పనిమనిషి. తీరా అది అడుగు దాటి పెరిగి, తొట్టిలో వెనక్కి తిరగడానికి కూడా చోటు లేకుండా పోయినప్పుడు, జీవహింస గిట్టని యజమాని దాన్ని దగ్గరలోని చెరువులో వదిలి పుణ్యం కట్టుకుంటాడు. ఆ పుణ్యమే నేడు మన చెరువుల్లోనూ కాల్వల్లోనూ సంతతి పెంచుకుని, ముళ్ల రెక్కలతో వలలు చింపుతూ, జాలరుల చేత దెయ్యం చేప అనిపించుకుంటోంది. చిరిగిన వలల ఖరీదు అక్వేరియం బిల్లులో ఏ పద్దు కిందా కనబడదు.