తూటాల మీద నంబర్లు: ఆ మెసేజ్‌లో నిజమెంత, కల్పనెంత

అమెరికాలో తుపాకీ ఉన్నవాళ్ల మధ్య 2008-09లో ఈమెయిల్‌గా విపరీతంగా తిరిగిన మెసేజ్ ఇది. క్లుప్తంగా: "18 రాష్ట్రాల్లో చట్టం వచ్చేస్తోంది. ప్రతి తూటా మీదా కంపెనీ కోడ్ వెయ్యాలి. 2009 జూన్ 30 తర్వాత కోడ్ లేనివి అమ్మకూడదు. ఇంట్లో ఉన్న పాతవి, సొంతంగా తయారుచేసుకున్నవి సహా, 2011 జూలై 1 కల్లా నాశనం చెయ్యాలి. తూటాకి .05 సెంట్ల పన్ను. ఎవరు ఏ సైజువి ఎన్ని కొన్నారో ప్రభుత్వానికి తెలిసిపోతుంది. ఇది ఒబామా పని." గడువులు దాటి పదిహేనేళ్లు కావస్తున్నా దాన్ని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.

"చట్టం వచ్చేస్తోంది." రాలేదు. బిల్లులు పెట్టిన మాట నిజం. ఇలినాయ్, ఇండియానా, టెనెసీ, న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి 18 రాష్ట్రాల పేర్లు ఊరికే రాసినవి కావు. కానీ బిల్లు పెట్టడం వేరు, చట్టం కావడం వేరు. వీటిలో ఒక్కటీ గట్టెక్కలేదు. చాలావరకు కమిటీల్లోనే చచ్చిపోయాయి. కాలిఫోర్నియాలో 2005లోనే ఇలాంటిది ఒకటి సెనేట్ దాటి, అసెంబ్లీలో ఆగిపోయింది.

"ఒబామా పని." ఈ బిల్లులు పెట్టింది రాష్ట్రాల శాసనసభల్లో, అదీ చాలావరకు 2008 మొదట్లో. ఆయన ప్రమాణం చేసింది 2009 జనవరి 20న. తారీఖులు చూసుకుంటే చాలు.

"పాతవన్నీ నాశనం చెయ్యాలి." ఇక్కడ మెసేజ్ రాసినవాడిని పూర్తిగా తప్పుపట్టలేం. కోడ్ లేనివి ఒక తేదీ లోపు వదిలించుకోవాలన్న నిబంధన ఆ బిల్లులకి ఆధారమైన నమూనా బిల్లులోనే ఉంది. తుపాకీ యజమానుల కోపానికి అసలు కారణం కూడా అదే. పొడిచోట, ఎండ తగలకుండా ఉంచితే తూటాలు దశాబ్దాలు చెడవు. డబ్బు పెట్టి కొన్న వెయ్యి తూటాలు ఒక తేదీ దాటగానే నేరం అయిపోతాయంటే ఎవరికైనా మండుతుంది. ఆ కోపం న్యాయమైనదే. చట్టం కాని దాన్ని చట్టమని చెప్పి జనాన్ని షాపుల మీదికి తోలడం మాత్రం న్యాయం కాదు. 2008 నవంబరు ఎన్నికల తర్వాత అసలే తూటాల కొరత మొదలై, చిన్న పిస్టళ్లలో వాడే .380 సైజు లాంటివి నెలల తరబడి దొరకలేదు. ఆ భయానికి ఇలాంటి మెసేజ్‌లు ఆజ్యం పోశాయి.

పన్ను లెక్క ఇంకో తమాషా. నమూనా బిల్లులో ఉన్నది తూటాకి అర సెంటు మించని రుసుము. వెయ్యికి 5 డాలర్లు. మెసేజ్‌లో ఉన్న ".05 సెంట్లు" అన్నదాన్ని అక్షరాలా చదివితే వెయ్యికి 50 సెంట్లే. చదివినవాళ్లేమో అయిదు సెంట్లనుకుని 50 డాలర్లు లెక్కేసుకున్నారు. చుక్క ఎక్కడ పెట్టారో చూడకపోతే వంద రెట్ల తేడా.

"ప్రతి తూటాకీ మీ పేరు ముడిపడుతుంది." దీన్ని కాస్త విప్పి చూడాలి. తూటా అంటే ఒక్క వస్తువు కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మూతిలో బిగించిన గుండు. ప్రతిపాదించిన పద్ధతిలో లేజర్‌తో కోడ్ చెక్కేది రెండు చోట్ల: గుండు అడుగుభాగం మీద, గొట్టం లోపలి గోడ మీద. గుండు తగిలినప్పుడు నలిగేది ముందువైపు, అడుగు చాలాసార్లు మిగులుతుంది కాబట్టి అక్కడ చెక్కాలన్నారు. ఆలోచన తెలివైనదే. కానీ కోడ్ ఒక్కో తూటాకి కాదు, ఒక్కో పెట్టెకి. పెట్టెలో 50 ఉంటే యాభైకీ ఒకటే కోడ్. దొరికిన గుండు చెప్పేది పెట్టె ఎవరు కొన్నారో గానీ, ఎవరు పేల్చారో కాదు.

చిక్కులు కూడా అక్కడే. మామూలు రాగి తొడుగు గుండుకి తొడుగు ముక్కు వైపు నుంచి వస్తుంది, అడుగున మెత్తటి సీసం బయటికే ఉంటుంది. 9 ఎంఎం పిస్టల్ తూటా పేలినప్పుడు ఆ సీసం మీద పడే ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్ల దాకా ఉంటుంది. అడుగు మూసుకుని ముక్కు దగ్గర గుంట ఉండే హాలో పాయింట్ గుండు మీద కోడ్ నిలిచినంత బాగా ఇక్కడ నిలవదు. ఒక్క గుండుకి బదులు సన్నటి రవ్వలు పేల్చే షాట్‌గన్ సంగతి చెప్పనక్కర్లేదు: 9వ నంబరు రవ్వలు ఒక ఔన్సు పై ఎనిమిదో వంతు గుళికలో సుమారు 650 ఉంటాయి. రవ్వ మీద ఏం చెక్కుతారు?

ఫ్యాక్టరీ ఇబ్బంది ఇంకా పెద్దది. గుండ్లు ఒక యంత్రంలో, గొట్టాలు ఇంకో యంత్రంలో లక్షల్లో తయారై, డబ్బాల్లో కలగాపులగంగా పడి, తర్వాత జతపడతాయి. కోడ్ పెడితే ఈ గుండు, ఈ గొట్టం, ఈ పెట్టె మూడూ ఒకే నంబరుతో కలవాలి. ఎక్కడ ఒక్కటి తప్పినా ఆ పెట్టె నుంచి చివరిదాకా అన్నీ తప్పుతాయి. కంపెనీలు వద్దన్నది ఊరికే కాదు.

రీలోడింగ్ చేసేవాళ్లు ఇత్తడి గొట్టాన్ని మళ్లీ మళ్లీ వాడతారు. రెండోసారి నింపేసరికి గొట్టంలో ఒక కోడ్, గుండు మీద ఇంకో కోడ్. రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసేచోట, నేల మీద పడిన గొట్టాలు ఎవరైనా ఏరుకోవచ్చు. మీరు పేల్చి వదిలేసిన గొట్టం ఇంకెక్కడో నేరస్థలంలో తేలితే ముందు తలుపు తట్టేది మీ ఇంటిదే. మెసేజ్ రాసినవాడు ఈ పాయింటు రాసి ఉంటే బాగుండేది, రాయలేదు.

గుర్తులు వేసిన దేశం లేకపోలేదు. బ్రెజిల్‌లో 2003 చట్టం కింద పోలీసు, సైన్యం తూటాల గొట్టాల మీద లాట్ నంబరు, అంటే ఏ విడత సరుకో చెప్పే గుర్తు, ఉండాలి. 2018లో రియోలో కౌన్సిలర్ మారియెల్ ఫ్రాంకో హత్య జరిగినచోట దొరికిన గొట్టాలు యూజెడ్‌జెడ్18 లాట్‌వి, 2006లో ఫెడరల్ పోలీసుకి అమ్మినవి. అంటే సరుకు ఎక్కడినుంచి బయటికి పోయిందో తెలిసింది. పేల్చింది ఎవరో పట్టుకోవడానికి ఫోన్లు, కారు ఆధారాలు వెతకాల్సి వచ్చింది.

తూటాల అమ్మకాలు రాసుకోవడం ఇదే మొదటిసారి అనుకోవచ్చు. కాదు. 1968 ఫెడరల్ చట్టం ప్రకారం షాపువాళ్లు కొన్నవాడి పేరు, చిరునామా, పుట్టిన తేదీ పుస్తకంలో రాసేవారు. .22 తూటాలకి 1982లో, మిగతా పిస్టల్ తూటాలకి (కవచం ఛేదించేవి తప్ప) 1986లో ఎత్తేశారు. లక్షల పేజీలు పోగయ్యాయి గానీ కేసులు తేల్చడానికి పెద్దగా పనికిరాలేదన్నది ఎత్తేయడానికి ఒక కారణం. తుపాకులకి ఫెడరల్ రిజిస్ట్రీ పెట్టకూడదని నిషేధించింది కూడా ఆ 1986 చట్టమే.

చాలామంది కలిపేసే ఇంకో సంగతి మైక్రోస్టాంపింగ్. 2007లో కాలిఫోర్నియాలో అప్పటి గవర్నర్ ష్వార్జ్‌నెగర్ సంతకం పెట్టింది దీనికి. ఇందులో గుర్తు తూటా మీద ముందే ఉండదు. పిస్టల్‌లోని ఫైరింగ్ పిన్ కొట్టినప్పుడు గొట్టం మీద పడుతుంది. పాత తూటాలతో దానికి సంబంధం లేదు.

ఈ పుకారు గోలలో పక్కకు పోయినవి నిజంగా అమల్లోకి వచ్చిన నిబంధనలు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి తూటాలు కొన్న ప్రతిసారీ లైసెన్సున్న షాపులో తనిఖీ ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్నా షాపుకే రావాలి. పక్క రాష్ట్రం నెవాడాలో చవగ్గా కొని కారులో తెచ్చుకోవడం కాలిఫోర్నియా నివాసులకి కుదరదు. ఎక్కువగా దెబ్బతినేది ఇల్లు మారినవాళ్లు: లైసెన్సు మీద కొత్త చిరునామా, తుపాకీ రికార్డులో పాతది, రెండూ కలవక తిరస్కరణ. ముందు రాష్ట్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లో రికార్డు సరిచేసుకుని అప్పుడు షాపుకి వెళ్లాలి. ఈ చట్టం మీద ఒలింపిక్ షూటర్ కిమ్ రోడ్ పేరుతో 2018లో మొదలైన కేసు పైకోర్టుల దాకా వెళ్లింది, కాబట్టి కొనే ముందు షాపులో ఒక మాట అడగండి. న్యూయార్క్‌లో ఇలాంటి తనిఖీ 2023 సెప్టెంబరులో వచ్చింది. ఇలినాయ్‌లో ఫోయిడ్ కార్డు (తుపాకీ యజమానులకి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) లేకుండా తూటా అమ్మరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి అన్నిటికన్నా దగ్గరిది వేరే ఉంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, ఒక్క తూటా దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ నేరం. మినహాయింపులు కొన్నే. ఎక్కువమంది వాడేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గడువు తీరిన రోజే మినహాయింపూ పోతుంది. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఈ అడ్డు లేదు.

ఊరికి బయల్దేరేటప్పుడు ఇంకోటి. రేంజ్‌కి వాడిన బ్యాగ్ పక్క జేబు కుట్టులో ఇరుక్కున్న ఒక్క 9 ఎంఎం తూటా చాలు, ఇండియాలో స్కానర్‌కి దొరికితే ఆయుధ చట్టం సెక్షన్ 25 కింద కేసు. తెలిసి తేలేదని కోర్టులో నిలబెట్టుకోవచ్చు, సుప్రీంకోర్టు తీర్పులూ ఉన్నాయి, కానీ అప్పటికి విమానం పోతుంది, సెలవులు పోతాయి. ఆ బ్యాగ్‌ని రేంజ్‌కే ఉంచి, ప్రయాణానికి వేరేది కొనుక్కోవడం చవక.